మొదటి గంట దాటాక

గంగారత్నం బరువు చూసుకునే తూకం మీదే పడిపోయింది.

మంగళవారం, పొద్దున్న ఆరూ ఇరవై. బెజవాడ సూర్యారావుపేటలో ఒక నర్సింగ్‌హోమ్ మొదటి అంతస్తు, డయాలసిస్ వార్డు. తూకం మీద అంకె యాభై ఎనిమిది దగ్గర నిలిచింది. అదే క్షణంలో ఆవిడ కళ్ళు పైకి తేలిపోయాయి. చేతులు కర్రల్లా బిగుసుకున్నాయి. అరవై రెండేళ్ళ మనిషి నేల మీద పడి గిలగిలా కొట్టుకుంది. వచ్చినప్పటి నుంచీ ఉన్న ఎక్కిళ్ళు ఆ కొట్టుకోవడంలో కూడా ఆగలేదు.

మూడో నంబరు బెడ్ మీదున్న హనుమయ్య ఒక్క ఉదుటున లేవబోయాడు. ఎడమచేతిలో రెండు సూదులున్నాయన్న సంగతి మెషీను కీచుమని అరిచాక గుర్తొచ్చింది.

"కదలకండి హనుమయ్యగారూ!" టెక్నీషియన్ కిరీటి ఆవిడ వైపు పరిగెడుతూనే అరిచాడు. "సూది ఊడిందంటే వార్డంతా రక్తమే. పడుకోండి!"

హనుమయ్య పడుకున్నాడు. పడుకుని చూడటం తప్ప చేయగలిగింది లేదు. ఇద్దరు ఆయాలు, కిరీటి కలిసి ఆవిణ్ణి స్ట్రెచర్ మీదికి ఎత్తారు. ఆవిడ కొడుకు శివాజీ "అమ్మా, అమ్మా" అంటూ మెట్ల మీదుగా కిందికి దూకాడు. కోడలు ఉష ఒక చెప్పు ఇక్కడే వదిలేసి అతని వెనక పరిగెత్తింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

మొత్తం రెండు నిమిషాలు. ఆ తర్వాత వార్డులో అయిదు మెషీన్లు తిరిగే చప్పుడు మాత్రమే మిగిలింది.

నాలుగో నంబరు బెడ్ ఖాళీగా ఉంది.

హనుమయ్యకి పదీ పావు దాకా మంచం దిగే వీల్లేదు. కిడ్నీలు చేతులెత్తేశాక ఒంట్లో చేరే విషాన్ని వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటల చొప్పున ఆ మెషీనే కడగాలి. మంగళ, గురు, శనివారాలు వీళ్ళ బ్యాచ్. శనివారం పొద్దున మెషీను దిగితే మళ్ళీ మంగళవారం పొద్దున దాకా కడిగే దిక్కుండదు. పోయినవాళ్ళు ఎక్కువమంది ఆ మధ్యలోనే పోయారు. ఆ సంగతి వార్డులో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

రెండేళ్ళుగా ఆయన కుడిపక్క మంచం గంగారత్నానిది. కొల్లేరు అంచున పుట్టి, ముప్పై ఏళ్ళు బెజవాడలో చేపలమ్మిన మనిషి. ఆ గొంతుకి వార్డులో మెషీన్లు కూడా జడిసేవి. హనుమయ్యకి ఇప్పటికీ రోజుకి అరలీటరు మూత్రం వస్తుంది. మిగతావాళ్ళకి చుక్క రాదు. వచ్చిన మొదటివారమే ఆవిడ ఆ సంగతి కనిపెట్టేసింది.

"మీకేం హనుమయ్యగారూ, జమీందారులు! అరలీటరు ఆస్తి ఉంది మీకు. మేమంతా కూలోళ్ళం."

వార్డు మొత్తం నవ్వింది. భార్య రావమ్మ పోయాక తనని ఎవరైనా ఆటపట్టించడం హనుమయ్యకి అదే మొదటిసారి. పిల్లల్లేరు. ఆటోనగర్‌లో లారీల స్ప్రింగు కమాన్లు కొట్టిన చేతులు ఇప్పుడు సూదులకి తప్ప పనికిరావడం లేదు. యనమలకుదురులో ఒక ఖాళీ ఇంటి వెనకవాటాలో ఉంటాడు. మెషీను లేని రోజున ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు.

డాక్టర్ కీర్తన ఏడింటికి పైకి వచ్చింది. చిన్న వయసే. నిద్ర చాలని కళ్ళు. ఏ మంచం దగ్గరా కూర్చోకుండా వార్డు మధ్యలో నిలబడింది.

"అందరూ వినండి. గంగారత్నంగారికి ఆదివారం సాయంత్రం నుంచి ఎక్కిళ్ళట. నిన్నంతా తికమకగా మాట్లాడిందట. ఇప్పుడు ఫిట్స్. ఒంట్లో నీరు పెద్దగా చేరలేదు. షుగర్ బాగుంది. పొటాషియం అయిదున్నర. ఆ మాత్రానికి మనిషి ఇలా అవదు. తలలో నరం చిట్లి ఉంటే నేనిప్పుడు మెషీను పెట్టలేను. ఏదైనా విషం ఎక్కి ఉంటే మెషీను తప్ప మందు లేదు, అదీ వెంటనే పెట్టాలి. రెండిట్లో ఏదో నాకు తెలియాలి. శనివారం ఇక్కడ ఎవరైనా ఆవిడకి ఏమైనా పెట్టారా?"



"ఏం లేదమ్మా," అంది అయిదో నంబరు బెడ్ తెరేసమ్మ, పైకప్పు చూస్తూ.

"ఏమీ లేదండి," అన్నాడు హనుమయ్య.

డాక్టర్ ఒక్కొక్కరి మొహం చూసి, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయింది.

ఇద్దరూ అబద్ధమే చెప్పారు. ఆ వార్డులో ఒక రహస్యం ఉంది. మెషీను ఎక్కిన మొదటి గంటలో ఏం తిన్నా అది కడిగేస్తుందని అక్కడ అందరి నమ్మకం. గోడకి అంటించిన లిస్టులో తినకూడనివన్నీ వరసగా ఉన్నాయి. కొబ్బరినీళ్ళు, అరటిపండు, మామిడి, బత్తాయి, టమాటా, ఎండుచేప. సూదులు గుచ్చిన మరుక్షణం సంచుల్లోంచి అవే బయటికి వచ్చేవి. అరముక్క అరటిపండు. సీసా మూతెడు కొబ్బరినీళ్ళు. తెరేసమ్మ టమాటా పచ్చడి వేలితో నాకి కళ్ళు మూసుకునేది. ఏడుంపావు కాగానే మూతలు పడిపోయేవి. మళ్ళీ అందరూ పథ్యం మనుషులు. కిరీటి అటు తిరిగి నిలబడేవాడు. డాక్టర్లకి తెలిస్తే వార్డులోకి చాక్లెట్ కూడా రానివ్వరు. అందుకే ఎవరు ఏమడిగినా జవాబు ఒకటే. ఏం లేదు.

హనుమయ్య మటుకు గంగారత్నానికి ఆ లిస్టులో ఉన్నదేదీ ఎప్పుడూ పెట్టలేదు.

ఆయన ఖాళీ మంచం వైపు తల తిప్పాడు. తల కింద వేసే గళ్ళ తువ్వాలు అప్పుడే పరిచి ఉంది. ఎవరో ఏదో పెట్టారు. ఆవిడ ప్రాణం మీదికి తెచ్చారు. ఎవరు? ఆ మాట తేలేదాకా ఆయనకి ఊపిరాడేట్టు లేదు. కాలు కింద పెట్టలేడు, సరే. నోరుంది.

ముందు కిరీటి దొరికాడు.

"ఏవయ్యా కిరీటీ, మెషీన్లకి నీళ్ళు వడగట్టే నీ ప్లాంటు సరిగ్గా ఉందా?"

కిరీటి మొహం మాడిపోయింది. "మీరూ అదే అంటారేంటండీ? కింద శివాజీగారు నా కాలరు పట్టుకోబోయారు. నీళ్ళే తేడా అయితే మీ ఆరుగురూ శనివారమే పడిపోయేవాళ్ళు. మిమ్మల్ని చూడండి, గుండ్రాయిలా ఉన్నారు."

నిజమే. హనుమయ్య ప్లాంటుని పక్కన పెట్టాడు. ఖాళీ మంచం మీదుగా గొంతు పెంచాడు.

"తెరేసమ్మా."

"నన్నేం అడక్కండి. ప్రార్థన చేసుకుంటున్నా."

"ప్రార్థనలో అబద్ధాలు చెల్లవు. మంగళగిరి అవతల ఎవరో ఆకుపొడి ఇస్తాడని ఆవిడకి నూరిపోశావు. నేను విన్నాను. ఇచ్చావా, లేదా?"

 తెరేసమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఇచ్చానండీ. పోయిన నెల. పొట్లం విప్పి వాసన చూసి, 'ఇది మా చెరువుల్లో చల్లే ఎరువులా ఉందే, నువ్వూ తినకు, చస్తావు' అని కిటికీలోంచి పారేసింది. నాది కూడా లాక్కుని పారేసింది. యేసయ్య తోడు."

హనుమయ్యకి నవ్వొచ్చింది.  ఎరువు వాసన పసిగట్టిన మనిషిని ఏమార్చింది ఏది?

ఎనిమిది కావస్తుండగా మెట్ల మీద కేకలు వినబడ్డాయి.

"ఏం పెట్టావే మా అమ్మకి? నేను రెండురోజులు కైకలూరు పోతే చాలు, మనిషిని ఇట్టా చేసి పెట్టావు!"

"నేనేం పెట్టానండీ?"

"నువ్వు కాకపోతే పక్కింటోళ్ళు వండారా? ఆమెకేమన్నా అయిందో, అటు నుంచి అటే మీ అవనిగడ్డ పో. మళ్ళీ నా గడప తొక్కమాక!"

కాసేపటికి ఉష ఒంటరిగా లోపలికి వచ్చింది. పాత రిపోర్టుల ఫైలు కోసం పంపినట్టున్నారు. నాలుగో నంబరు బెడ్ కింద సంచీ లాగి ఫైలు చేతిలోకి తీసుకుంది. కాని లేవలేదు. మంచం అంచున కూర్చుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది.

"అమ్మా ఉషా," అన్నాడు హనుమయ్య.

"విన్నారుగా బాబాయిగారూ. ఏం పెట్టానని చెప్పమంటారు? కూరగాయలు చెక్కు తీసి, సన్నగా తరిగి, నీళ్ళలో నానేస్తాను. ఆ నీళ్ళు పారబోసి ఉడకేస్తాను. ఆ నీళ్ళూ పారబోస్తాను. ఆ పీచే ఇంటిల్లిపాదీ తింటున్నాం, ఆవిడొక్కతే చప్పిడి తింటే బాగోదని. నీళ్ళు సీసాతో కొలిచి ఇస్తా. మందులు ముద్దతో పాటే మింగిస్తా. ఇంకేం చెయ్యాలి?"

"చేపలేమన్నా?"

"ఆదివారం కొర్రమీను ఒక్క ముక్క. చిన్నది వేశానని నన్ను, మా అమ్మని, మా అమ్మమ్మని కలిపి తిట్టింది."

"అయితే అప్పటికి బానే ఉందన్నమాట."

ఏడుపులోనే ఉషకి చిన్న నవ్వు వచ్చింది. "బానే ఉంది. సాయంత్రానికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. గుక్కెడు నీళ్ళు తాగమంటే, 'ఇవాళ్టి నీళ్ళు అయిపోయాయిగదే. ఉండనీ. ఎవరో తలుచుకుంటున్నారు' అంది. అదేదో సంతోషంగానే అంది."

హనుమయ్య చూపు మెషీను గొట్టాల మీదికి పోయింది.

"బయటివేమన్నా తిందా?"

ఉష తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది. "మీతో అంటున్నా, ఆయనతో అనకండి. శనివారం ఇక్కణ్ణుంచి వచ్చేటప్పుడు సంచిలో కాయలు తెచ్చుకుంది. స్టార్ ఫ్రూట్. అడ్డంగా కోస్తే చుక్కలా ఉంటుందే, పుల్లగా, అది. మంచం మీద కూర్చుని ఉప్పూ కారం చల్లుకుని తింది. పిల్లకో ముక్క పెట్టండి అత్తయ్యా అంటే పెట్టలేదు. 'ఇయ్యి నాకోసం ఇచ్చినయ్యి' అంది."

హనుమయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఎవరిచ్చారని అడగలేదా?"

"అడిగాను. చిన్నపిల్లలా నవ్వింది. 'లిస్టులో లేదులేవే, మీ ఆయనకి చెప్పమాక' అంది. నిజంగానే లిస్టులో లేదుగా. డాక్టరమ్మ కొబ్బరినీళ్ళా, అరటిపండా, మామిడా అని పేరుపేరునా అడిగింది. లేదు లేదన్నాను. ఇది అడగలేదు. పుల్లకాయే కదా, అది మనిషినేం చేస్తుంది?"

"ఎన్ని తింది?"

"నేను చూస్తుండగా ఒకటి. మిగతావి దిండు కింద పెట్టుకుంది."

కింద నుంచి శివాజీ కేక పెట్టాడు. ఉష ఫైలుతో పరిగెత్తింది.

హనుమయ్యకి ఆ తర్వాత కాసేపు ఏమీ వినబడలేదు.

యనమలకుదురు ఇంటి యజమానురాలు సంపూర్ణమ్మ తెనాలిలో ఉంటుంది. పెరట్లో ఆ చెట్టు విరగకాసి, కాయలు మట్టిలో పడి కుళ్ళిపోతుంటాయి. మొదటి గంటలో అందరూ పంచుకుంటారు. అందరికీ తలా ముక్క. అలా కాకుండా ఆవిడకి మాత్రమే ఏదైనా ఇవ్వాలని ఆయనకి ఎన్నాళ్ళ నుంచో ఉంది. గడియారం చూసుకుంటూ మింగేది కాదు. ఇంటికి పట్టుకెళ్ళి, తీరిగ్గా, ఇష్టంగా తినేది. గోడ మీది లిస్టుని మూడుసార్లు చదివాడు. కిందనుంచి పైకి కూడా చదివాడు. స్టార్ ఫ్రూట్ లేదు. లేదు గనక మంచిదే అనుకున్నాడు. శనివారం ఆవిడ మెషీను దిగుతుంటే కాగితం సంచి చేతిలో పెట్టాడు.

"ఏంటండీ జమీందారుగారూ, ఈనాం ఇస్తున్నారా?" అంది ఆవిడ.

"మా చెట్టుయి. లిస్టులో లేవు. చూశాను."

ఆవిడ సంచి విప్పి చూసింది. ఈసారి హాస్యమాడలేదు. చీరకొంగు కింద పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన కూడా ఒక కాయ కోశాడు. పళ్ళు పులిసిపోయి రెండు ముక్కలతో ఆపేశాడు. సాయంత్రం వెనకవాటా మెట్ల మీద కూర్చుంటే ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. గంట సేపు, గంటన్నర సేపు. కాలవగట్టు మీద జనం పోతున్నారు, వస్తున్నారు. ఎవరూ ఆగలేదు. ఆయనకి కోపం రాలేదు. నీళ్ళ చెంబు పక్కనే ఉన్నా తాగలేదు. ఇంత లోకంలో తనని తలుచుకునే మనిషి ఒకరున్నారని, ఆ మనిషి ఎవరో తనకి తెలుసని, అది ఆగిపోకూడదని కూర్చున్నాడు.

అదే సాయంత్రం ఊరికి ఇంకో చివర ఆవిడ కూడా అలాగే కూర్చుంది.

ఖాళీ చేత్తో ఫోను తీశాడు. నోటి దగ్గర పెట్టుకుని, గొంతు తగ్గించి, ఆ పండు పేరు చెప్పి అడిగాడు. తెర మీద వచ్చిన అక్షరాలు చిన్నవి. అయినా చదవగలిగాడు. ఆ పండులో ఒక విషం ఉంది. మామూలు మనిషికి మూత్రంలో పోతుంది. కిడ్నీలు పాడైన మనిషికి పోయే దారి లేక మెదడుకెక్కుతుంది. ముందు ఎక్కిళ్ళు. తర్వాత మతి తప్పడం. తర్వాత ఫిట్స్. వెంటనే, ఎక్కువసేపు డయాలసిస్ చేస్తే దక్కే అవకాశం ఉంది. ఆలస్యమైనవాళ్ళలో చాలామంది దక్కలేదు.

తన అరలీటరు ఆస్తి తనని కాపాడింది. ఆవిడకి చుక్క రాదు.

ఎనిమిదీ పది. చేతికి అందేంత దూరంలో బెల్లు ఉంది. నొక్కితే కిరీటి వస్తాడు.

ఆయన నొక్కలేదు.

స్కాన్ రానీ, అనుకున్నాడు. తలలో నరమే చిట్లి ఉంటే ఇది కాదుగదా. ఇప్పుడే పనిగట్టుకుని చెప్పుకోవడం దేనికి? చెబితే మొదటి మాట ఎవరిచ్చారనే వస్తుంది. పెళ్ళాం పోయిన ముసలాడు పరాయి ఇంటి ఆడమనిషికి చాటుగా పండ్లు ఇచ్చాడని శివాజీకి తెలుస్తుంది. ఆవిడ బతికితే బ్యాచ్ మార్చేస్తాడు, లేదా ఇంకో ఆసుపత్రికే మార్చేస్తాడు. గురువారం ఈ మంచంలో ఇంకెవరో ఉంటారు. నాలుగు గంటలు పైకప్పు. మెషీను లేని రోజు గోడ, మెషీనున్న రోజు పైకప్పు. అంతే ఇక.

ఎనిమిదింబావు దాటింది. ఎనిమిదిన్నర దాటింది. ఆ ఇరవై నిమిషాల్లో ఆయన ఒంట్లో రక్తం మొత్తం బయటికి పోయి, శుభ్రపడి, మళ్ళీ లోపలికి వచ్చింది. కింద ఆవిడ రక్తం అలాగే ఉంది.

కిరీటి బీపీ చూడటానికి వచ్చాడు. పట్టీ బిగించి, అంకె చూసి, ఆయన మొహం చూశాడు.

"నూట తొంభై ఏంటండీ? ఏమైంది?"

"స్కాన్ వచ్చిందా?"

"వచ్చింది. క్లీన్. నరం చిట్లలేదు. నరాల్లోనే ఇంకేదో ఉందని డాక్టరమ్మకి ఇంకా అనుమానమే. పెద్దాసుపత్రికి పంపేస్తున్నారు, తొమ్మిదింటికి అంబులెన్స్. అక్కడ ఇంకో స్కాన్, పదకొండింటికి నరాల డాక్టరు. డయాలసిస్ సంగతి రేపు చూస్తారట. ఇందాక మళ్ళీ ఫిట్ వచ్చిందండీ, రెండోసారి."

రేపు.

"డాక్టరుగార్ని పిలువు," అన్నాడు హనుమయ్య.

"ఆవిడ కింద హడావుడిలో..."

"పిలవకపోతే సూదులు పీకేసి నేనే దిగుతా. పిలవయ్యా!"

రెండేళ్ళలో ఆయన ఇలా అరవడం ఎవరూ వినలేదు. కిరీటి పరిగెత్తాడు.

డాక్టర్ కీర్తన వచ్చింది. ఆవిడ వెనకే శివాజీ, తల్లి సంచీ, చెప్పులు తీసుకుపోవడానికి. అతని వెనక ఉష. శివాజీ చేపల బండ్ల మీద పెరిగిన మనిషి, వెడల్పు భుజాలు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చెప్పండి హనుమయ్యగారూ, టైము లేదు," అంది డాక్టర్.

"ఆవిడ స్టార్ ఫ్రూట్ తిందండి. శనివారం నుంచి తింటోంది. మెషీను లేని రోజుల్లో. ఇంటి దగ్గర."

  ఒక్కసారిగా అంతా కలిసినట్టు డాక్టర్ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఎక్కిళ్ళు," అంది తనలో తాను. "దేవుడా, ఎక్కిళ్ళు! ఎంత తెలివితక్కువదాన్ని!" గిర్రున వెనక్కి తిరిగింది. "కిరీటీ, అంబులెన్స్ వద్దని చెప్పు. నాలుగో బెడ్ మెషీను సిద్ధం చెయ్యి. ఎనిమిది గంటలు నడపాలి, అవసరమైతే రాత్రి దాకా. ఐసీయూ డాక్టర్ని ఇక్కడికే పిలువు. ఆవిణ్ణి పైకి తీసుకురండి, ఇప్పుడే!" మళ్ళీ ఇటు తిరిగింది. "ఎన్ని తింది? ఎవరికైనా తెలుసా? ఎంత ఎక్కి ఉంటుందో నాకు అంచనా కావాలి."

"నేను చూసింది ఒకటేనండి," అంది ఉష, మెల్లగా.

ఆ మాట శివాజీ చెవిన పడింది. అతను సంచీ కింద పడేశాడు.

"నువ్వు చూశావా? చూసి ఊరుకున్నావా?"

"పండే కదా అని..."

"పండే కదా అని! నువ్వే తెచ్చావు, కదంటే? బజార్లో చవగ్గా దొరికిందని తెచ్చి పడేశావు!"

"నేను తేలేదండి. ఒట్టు. ఇక్కణ్ణుంచే తెచ్చుకుంది."

"ఇక్కడ చెట్లున్నాయంటే? డయాలసిస్ వార్డులో పండ్లు కాస్తాయా? ఎవరిచ్చారో చెప్పు. చెప్పవే!"

"నాకు తెలీదు!"

"అబద్ధాలాడితే పళ్ళు రాలగొడతా!"

"బాబూ, ఇది హాస్పిటల్," అంది డాక్టర్. అతను వినిపించుకోలేదు. ఉష గోడ దాకా వెనక్కి పోయింది. ఇక వెనక్కి పోవడానికి చోటు లేదు. తెరేసమ్మ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. కిరీటి నాలుగో మెషీను స్విచ్ వేశాడు. అది మేలుకుని ఒకసారి కీచుమంది. మెట్ల దగ్గర లిఫ్టు పైకి వస్తున్న చప్పుడు, దాంతోపాటే, మధ్య మధ్య తెగుతూ, ఎక్కిళ్ళ చప్పుడు.

హనుమయ్య మోచేయి మీద లేచాడు. మెషీను అరిచింది. అరవనిచ్చాడు.

"శివాజీ, ఆ పిల్లని వదిలెయ్యి. ఆ అమ్మాయికి ఏమీ తెలీదు. డాక్టరుగారూ, ఆరు కాయలండి. బాబూ, శనివారం పదిన్నరకి, ఈ మంచం దగ్గరే మీ అమ్మ చేతిలో పెట్టాను. నేను పెట్టాను. ఎవరో కాదు, నేనే. హనుమయ్యని."